నాటుపుంజు అస్థిపంజరం: బకెట్లోంచి గాజుపెట్టెలోకి

ఉడకబెట్టొద్దు. కోడి అస్థిపంజరం ఎలా తయారు చేయాలని ఎవరు అడిగినా ముందు ఈ ఒక్క మాట చెప్పాకే మిగతాది మొదలుపెడతాను. అడిగినవాళ్లలో సగం మంది అప్పటికే స్టవ్ మీద గిన్నె ఎక్కించేసి ఉంటారు.

డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో 31 ఏళ్లు అటెండర్‌గా చేసి రిటైరయ్యాను. మ్యూజియం గది తాళం నా దగ్గరే ఉండేది. సీసాల్లో ఫార్మలిన్ నింపడం, సీతాకోకచిలుకల పెట్టెలకు చీమలు పట్టకుండా చూడటం, ఊడిన లేబుళ్లు మళ్లీ రాసి అంటించడం నా పని. చేరిన రెండో ఏడు కోడి అస్థిపంజరం ఒకటి కావాలన్నారు. కొనడానికి డబ్బుల్లేవు. నేను చేస్తానన్నాను. పుంజుని కోయించి, చాకలి సోడా వేసి రెండు గంటలు ఉడికించి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. తెల్లారేసరికి ఎముకలు మల్లెపూలలా ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. మూడో వానాకాలంలో దుమ్ము దులుపుదామని ఎత్తితే తొడ ఎముక చేతిలో సుద్దముక్కలా పొడైపోయింది.

ఎందుకలా అయిందో తెలియాలంటే మేక కాళ్ల పాయా గుర్తు చేసుకోండి. రాత్రి మిగిలిన పాయా పొద్దున్నకి గిన్నెలో గడ్డకట్టి ఉంటుంది. ఆ గడ్డకట్టిన దాంట్లో చాలా భాగం ఎముకలోంచీ దాన్ని అంటిపెట్టుకున్న నరాల్లాంటి స్నాయువుల్లోంచీ దిగినదే. కొల్లాజెన్ అంటారు. మట్టిగోడలో కలిపే గడ్డి ఎలాంటిదో ఎముకలో ఇది అలాంటిది. అది పులుసులోకి దిగిపోయాక మిగిలేది ఉత్త ఖనిజం, పెళుసు. పైగా వేడికి లోపలి మూలగ కొవ్వు కరిగి ఎముకంతా ఇంకుతుంది. బ్లీచ్ కూడా ఆ కొల్లాజెన్‌నే తింటుంది, కడిగేశాక కూడా లోపల మిగిలింది ఊరుకోదు. కాబట్టి ఉడికించడం, బ్లీచ్ రెండూ వద్దు. మామూలు నీళ్లు, నీళ్లలో పుట్టే బ్యాక్టీరియా, ఓపిక. ఈ మూడూ చాలు.

కోడి సంగతికొద్దాం. బ్రాయిలర్ పనికిరాదు. అది 40, 45 రోజులకే కోతకొస్తుంది. అప్పటికి ఎముకల కొసలు ఇంకా మెత్తటి మృదులాస్థే. నీళ్లలో అవి కరిగిపోయి గుబ్బలు లేని గొట్టాలు మిగులుతాయి. ఏడాది దాటిన నాటుపుంజు కావాలి, రెండేళ్లదైతే మరీ మంచిది. సంక్రాంతి మూడు రోజులూ మా గోదావరి వైపు పందెంలో ఓడిన పుంజు మాంసానికి గిరాకీ ఎక్కువ. ఎముకల కోసం దాని జోలికి పోకండి. ఒకసారి అలాంటిదే తెచ్చాను. శుభ్రం చేశాక చూస్తే రొమ్ము ఎముకకి అడ్డంగా కత్తి గాటు, ఒక పక్కటెముక రెండు ముక్కలు. రోగమొచ్చి చచ్చిన కోడిని అసలు ముట్టుకోవద్దు. బర్డ్ ఫ్లూ రోజుల్లో ఇది మరీ ముఖ్యం.

అమ్మేవాళ్లకి ముందే చెప్పాలి: తల నరకొద్దు, గొంతు మాత్రమే కోయాలి, కాళ్లు తీయొద్దు, మంట మీద కాల్చొద్దు. కత్తి వెనక వెన్నుపూసలకి తగిలితే మెడలో ఒక ఎముక పోయినట్టే. నా మాట విని చికెన్ షాపతను ‘మొక్కుబడా అండీ?’ అనడిగాడు. అవునన్నాను.

ఇంకో విషయం. రోడ్డు పక్కన చచ్చిపడిన నెమలి, ఉడుము, తాబేలు, పాము కనిపిస్తే పాపం ఎవరిదీ కాదు కదా అని తెచ్చుకునేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చచ్చిన జంతువుకీ, దాని ఎముకకీ కూడా వర్తిస్తుంది. అటవీశాఖ అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకుంటే కేసే. కోడి, బాతు, మేక, చెరువు చేప చాలు మనకి. నేర్చుకోవలసినదంతా వాటిలోనే ఉంది.

ఇప్పుడు మాంసం. పచ్చిగానే తీయాలి. తీసిన మాంసం పారేయక్కర్లేదు, నిక్షేపంగా కూర చేసుకోవచ్చు. మా ఆవిడ మొదట్లో ‘ఎముకల్లేని నాటుకోడి కూరేమిటండీ, పప్పులో ఉప్పు లేనట్టు’ అని విసుక్కునేది, తర్వాత అలవాటు పడింది. ముందు ఈకలు పీకి, చర్మం ఒలిచి, పొట్టలోది తీసేయండి. రొమ్ము కండ, తొడ కండ వేళ్లతో లాగితే చాలావరకు వచ్చేస్తుంది. కత్తి మొన ఎముక వైపు తిప్పొద్దు. గీత పడితే అది ఎప్పటికీ పోదు. పక్కటెముకల దగ్గర కత్తే వద్దు. చాలా పక్కటెముకలకి మధ్యలో వెనక్కి తిరిగిన చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది, వెనకున్న ఎముక మీద ఆనుకుని. పక్షి రొమ్ముగూటికి పట్టు ఇచ్చేది అదే. తొందరపడి గీకారంటే ముందు పోయేదీ అదే. రెక్కల కొసలు, పాదాలు, మెడ మీది సన్న కండ జోలికి వెళ్లకండి. ఆ పని నీళ్లు చేస్తాయి.

తల విడదీసి వెనక రంధ్రంలోంచి వంచిన తీగతో మెదడు కదిపి, సిరంజితో నీళ్లు కొట్టి కడిగేయాలి. నాలుక పారేయొద్దు, అందులో సన్నటి ఎముకలున్నాయి. కనుగుడ్డు కూడా పారేయొద్దు. దాని చుట్టూ గాజుపలుకుల్లాంటి చిన్న ఎముక రేకులు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంగరంలా ఉంటాయి. చాలామంది వీటి సంగతి తెలియక కన్నుతో పాటే పడేస్తారు. కళ్లు రెండూ వేరే సీసాలో నీళ్లలో వేయండి.

ఇక్కడే ఒక చిట్కా, నాకు 10 ఏళ్ల తర్వాత తట్టింది. మాంసం తీశాక, నీళ్లలో వేయకముందే, మెడ వెన్నుపూసల మధ్య రంధ్రంలోంచి నైలాన్ దారం గుచ్చి రెండు చివర్లా ముడేయండి. అన్నీ ఊడిపోయినా పూసలదండలా వరుస తప్పకుండా ఉంటాయి. కోడి మెడలో 14 పూసలు. మనకీ జిరాఫీకీ ఏడేసే. దారం లేకుండా ఆ 14 మళ్లీ వరుసలో పెట్టడానికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది.

తర్వాత సంచులు. పాత దోమతెర ముక్కలతో ఆరు చిన్న సంచులు కుట్టుకోండి: కుడి కాలు, ఎడమ కాలు, కుడి రెక్క, ఎడమ రెక్క, తల, మొండెం. ప్రతి సంచిలో మందపాటి కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి వేయాలి. పెన్ సిరా నీళ్లలో రెండు రోజులు కూడా నిలవదు, పెన్సిల్ నెలైనా చెక్కుచెదరదు. మ్యూజియం సీసాల్లో పాత లేబుళ్లు పెన్సిల్‌తో ఉండటం చూసే ఉంటారు. అది పిసినారితనం కాదు.

మొదటి రోజు సంచుల్ని ఉత్త నీళ్లలో నానబెట్టి మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చండి. నెత్తురు దిగిపోవాలి, లేకపోతే ఎముకకి గోధుమరంగు మరక పడుతుంది. తర్వాత మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో వేసి బోరు నీళ్లు నింపండి. కుళాయి నీళ్లయితే ఒక రోజు పట్టి ఉంచినవి పోయండి, క్లోరిన్ ఉంటే బ్యాక్టీరియా పెరగదు. ఇనప బకెట్ వద్దు, తుప్పు మరక పడుతుంది. సబ్బు, ఫినాయిల్ లాంటివేవీ వేయకండి. నాలుగో రోజుకి నీళ్లు మబ్బుగా మారతాయి. ఏడో రోజుకి వాసన. ఆ వాసన గురించి ఎక్కువ రాయను. బకెట్ ఇంటికి దూరంగా, గాలి వాలుకి అటు పక్క పెట్టుకోండి. మూత మీద రాయి తప్పనిసరి, కుక్కలు ఊరుకోవు.

ఈ పనికి మన ఎండలు వరం. 30 నుంచి 35 డిగ్రీల వెచ్చదనంలో బ్యాక్టీరియా జోరుగా పనిచేస్తుంది. చలి దేశాల్లో దీనికోసం నీళ్లలో హీటర్ పెడతారు. జనవరిలో వేసిన పుంజు నాకు 40 రోజులు తీసుకుంది, ఏప్రిల్‌లో వేసింది 17 రోజుల్లో తేలిపోయింది. వారానికోసారి నీళ్లు మార్చాలి గానీ మొత్తం పారబోయొద్దు. సగం తీసి సగం ఉంచండి. పెరుగుకి తోడు ఎలాగో ఆ పాత నీళ్లు అలాగ.

నీళ్లు తీసేటప్పుడు జాగ్రత్త. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. ఎముకలు పోయేది కుక్క ఎత్తుకెళ్లి కాదు, పగిలి కాదు, మనం పారబోసే నీళ్లలోనే. సంచి కుట్టు ఊడుతుంది, గోరంత ఎముక జారుతుంది, మీరు బకెట్ వంచుతారు, అంతే. నీళ్లు ఎప్పుడు తీసినా టీ వడగట్టే జల్లెడలోంచి, కింద ఇంకో బేసిన్ పెట్టి తీయాలి. జల్లెడలో మిగిలిన ముద్దని తెల్లటి పళ్లెంలో పరిచి, నీళ్లు చిలకరించి, వేలితో తడిమి చూడాలి. మెత్తగా ఉంటే కండ, గింజలా తగిలితే ఎముక. ముక్కు మీది కొమ్ము తొడుగు, గోళ్ల తొడుగులు, కాలి ముల్లు మీది టోపీ ఈ దశలోనే ఊడొస్తాయి. అవి ఎముకలు కావు, కానీ దాచండి, చివర్లో మళ్లీ తొడగొచ్చు. వడగట్టిన నీళ్లు కొబ్బరి చెట్టు మొదట్లో గొయ్యి తీసి పోసి మట్టి కప్పేవాణ్ణి. చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్కు, చేతి మీద తెగిన గాయముంటే ఆ రోజుకి సెలవు.

కండంతా పోయి ఎముకలు నున్నగా తగిలాక మంచినీళ్లలో రెండు మూడు రోజులు మార్చి మార్చి నానబెట్టండి. ఇప్పుడు కొవ్వు తీయాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ ఎముకలు కొన్నాళ్లకి పసుపెక్కి, జిడ్డు పైకి తేలి, దుమ్ము పట్టుకుని చీమల్ని పిలుస్తాయి. బకెట్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చెంచాలు వేసి ఎండ తగిలేచోట పెట్టండి. గోరువెచ్చగా ఉంటే చాలు. నాలుగు రోజులకోసారి మార్చండి. నీళ్లు మబ్బుగా అవుతున్నంతకాలం కొవ్వు దిగుతున్నట్టే. తొడ ఎముక, దాని కింది పొడుగు ఎముకకి రెండు కొసలా కనిపించని చోట ఒక మిల్లీమీటరు డ్రిల్‌తో రంధ్రం పెడితే తొందరగా దిగుతుంది. రెక్క పై ఎముకకి అవసరం లేదు. దాంట్లో మూలగ ఉండదు, గాలే. భుజం కొస దగ్గర దేవుడు పెట్టిన రంధ్రం ఒకటి ఉంటుంది చూడండి, ఊపిరితిత్తుల గాలితిత్తి అందులోంచే లోపలికి వెళ్తుంది. అయిందో లేదో తెలియాలంటే ఎముకని పూర్తిగా ఆరబెట్టి కిటికీ వెలుతురుకి పట్టండి. నూనె కాగితంలా మెరిసే మచ్చ ఉంటే మళ్లీ బకెట్లోకే.

తెలుపు కోసం మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో ఎముకలు మునిగేలా పోసి ఒక రోజు ఉంచండి. మూత బిగించొద్దు. నేనొకసారి దోమలు పడతాయని సీసాకి బిరడా గట్టిగా బిగించి ఇంటికెళ్లిపోయాను. పొద్దున వచ్చి చూస్తే బిరడా పైకప్పుకి కొట్టుకుని ఫ్యాన్ వెనక పడి ఉంది, కాలి ఎముకలు బల్లంతా. పాలతెలుపు కాకముందే తీసేయండి. ఎముక సహజ రంగు కాస్త మీగడ రంగే. మళ్లీ నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే సన్నటి ఎముకలు చిట్లుతాయి. ఆరేటప్పుడు పైన దోమతెర కప్పండి, లేదంటే కాకి వస్తుంది.

ఆరాక నల్లగుడ్డ పరిచి లెక్కపెట్టుకోండి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన సాయంత్రం ఇదే. కోడిలో 14 అనే అంకె మూడుసార్లు వస్తుంది: మెడలో 14 పూసలు, ఒక్కో పాదంలో వేళ్ల ఎముకలు 14, ఒక్కో కంటి చుట్టూ రేకులు సాధారణంగా 14. పాదానిది ఎలా అంటే, వెనక వేలికి 2, లోపలి వేలికి 3, మధ్య వేలికి 4, బయటి వేలికి 5. పాదం విడిపోయినా ఏ ఎముక ఏ వేలిదో ఈ లెక్కతో పట్టుకోవచ్చు. పొడుగ్గా ఉన్నవన్నీ ముందు పెట్టి, కొక్కెంలా వంగిన గోటి ఎముకలు చివర్న పెట్టి, మధ్యలో ఏది ఎక్కడ నిక్కచ్చిగా కూర్చుంటుందో చూడండి. సరైన జత అయితే వేలు కిందే తెలుస్తుంది, టక్కున ఒదుగుతుంది. కాకపోతే గింజుకుంటుంది.

అతికించడానికి ఫెవికాల్ వాడండి. క్షణంలో అంటుకునే ఫెవిక్విక్ లాంటివి వద్దు. తప్పు పెట్టారని రేపు తెలిస్తే ఫెవికాల్‌ని తడిగుడ్డతో మెత్తబరిచి విడదీయొచ్చు, రెండోదాన్ని విడదీస్తే ఎముక పెచ్చు కూడా ఊడొస్తుంది. పెద్ద మ్యూజియాల్లో పారాలాయిడ్ బి-72 అనే రెజిన్‌ని అసిటోన్‌లో కరిగించి వాడతారు. దాని గొప్ప కూడా ఇదే, మళ్లీ అసిటోన్ తగిలిస్తే వదిలేస్తుంది. ఫెవికాల్ ఆరేదాకా ఎముకల్ని నిలబెట్టడానికి థర్మకోల్ దిమ్మ, గుండుసూదులు వాడుకోండి. సూది ఎముకకి గుచ్చొద్దు, రెండు పక్కలా ఆనించండి. వెన్ను లోపలికి రాగి తీగ దూర్చి, కటి కింద ఇత్తడి ఊచ ఒకటి చెక్కలోకి దింపితే బరువంతా అది మోస్తుంది. ఇనప తీగ ఐదేళ్లలో తుప్పు కారుస్తుంది.

నిలబెట్టే తీరులో దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. నేనూ చేశాను. తొడ ఎముకని మనిషి తొడలా నిలువుగా దింపేశాను. చూస్తే కోడిలా లేదు, కాళ్ల మీద లేచి నించున్న ముసలాయనలా ఉంది. కోడి మోకాలు వెనక్కి వంగుతుందని అందరూ అంటారు కదా, మనకి కనిపించేది మోకాలే కాదు, మడమ. అసలు మోకాలు పైన ఈకల్లో, పక్కటెముకల పక్కన దాగి ఉంటుంది. తొడ ఎముక దాదాపు అడ్డంగా ముందుకి వస్తుంది. అక్కణ్నుంచి బిర్యానీలో లెగ్ పీస్ అనే ఎముక కిందికీ వెనక్కీ దిగుతుంది. ఆ కింద మడమ, ఆ తర్వాత ముల్లు ఉండే పొడుగు పాదం ఎముక. అందుకే పాదాలు సరిగ్గా రొమ్ము కిందికొస్తాయి, కోడి ముందుకి తూలదు. అతికించే ముందు నడిచే పుంజుని పక్కనుంచి ఫోన్‌లో ఫోటో తీసుకుని ఎదురుగా పెట్టుకోండి.

ఎముక ఒకటీ అరా పోతే కంగారుపడక్కర్లేదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ డైనోసార్ చూసే ఉంటారు. తెలంగాణలో యామనపల్లి దగ్గర 840 ఎముకలు దొరికాయి, కనీసం 12 జంతువులవి. 1988లో శిలాజాల శాస్త్రవేత్త యాదగిరి దానికి పేరు పెట్టారు. అన్ని ఎముకల్లోనూ పుర్రె మాత్రం లేదు, దొరికినవి రెండు పళ్లే. ఇప్పుడు అక్కడ నిలబడ్డ డైనోసార్‌కి తల ఉందంటే అది చేసి పెట్టిందే. మన కోడి వేలికి కూడా అలా చేసి పెట్టొచ్చు, మైనంతోనో ఎం-సీల్‌తోనో. రెండో కాలిలో అదే ఎముక చూసి, అద్దంలో చూసినట్టు తిరగేసి చేయాలి. కానీ చేశామని రాయాలి. రాయకపోతే రేపు ఎవరో పిల్లాడు దాన్ని కొలిచి రికార్డులో ఎక్కిస్తాడు.

గాజుపెట్టె మూలల్లో తేమ పీల్చే సిలికా జెల్ కొంచెం పెట్టి సందులు మూసేయండి. ఎండ పడే కిటికీ పక్కన పెట్టొద్దు. లేబుల్ మాత్రం మరిచిపోవద్దు, ఇండియన్ ఇంకుతో దళసరి కాగితం మీద. నేను చివరగా చేసిన పుంజు ఇప్పుడు మా ఇంటి హాల్లో ఉంది. దాని కింద ఇలా రాసుకున్నాను:

‘నాటుకోడి. గాలస్ గాలస్ డొమెస్టికస్. పుంజు, సుమారు రెండున్నరేళ్లు. తూర్పు గోదావరి. ఏప్రిల్‌లో నీళ్లలో వేసి 17 రోజులు, డిటర్జెంటులో 5 వారాలు. పెరాక్సైడ్ 3 శాతం, ఒక రోజు. కుడి కాలు బయటి వేలి మూడో ఎముక మైనంతో చేసినది. అసలుది నీళ్లతో పాటు కొబ్బరి చెట్టు కిందికి పోయింది.’